బండ్ల లెక్క కాదు, చెత్త లెక్క చెప్పండి

కొత్త చెత్త బండ్లను వరసగా నిలబెట్టి, రిబ్బన్లు కట్టి, జెండా ఊపి సాగనంపడం మన పాలకులకు మహా ఇష్టమైన వేడుక. 2015 నవంబరులో హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోలకు కేసీఆర్ జెండా ఊపారు. 2021 అక్టోబరు 2న విజయవాడ బెంజి సర్కిల్‌లో జగన్‌మోహన్ రెడ్డి 2,600 వాహనాలకు ఊపారు. ఈ రెండింటి మధ్య తెలంగాణలో పల్లె ప్రగతి పేరుతో 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. ప్రతిసారీ ఒకటే మాట: ఇక ఊరు అద్దంలా ఉంటుంది. ఉండకపోతే చెప్పడానికి రెండో మాట సిద్ధం: బండ్లు చాలలేదు, ఇంకొన్ని కొనాలి. అప్పటికీ కాకపోతే మూడోది: మన జనానికి బుద్ధి లేదు.

అపార్టుమెంటు సంఘం మీటింగు నుంచి కౌన్సిల్ హాలు దాకా ఈ మూడు మాటలే తిరుగుతున్నాయి. చదువుకున్నవాళ్లు, పాలించేవాళ్లు, పత్రికల్లో రాసేవాళ్లు కూడా వీటిని ప్రశ్నించకుండా ఒప్పేసుకున్నారు. చెత్త సమస్య అంటే రవాణా సమస్య అని, దానికి మందు వాహనమని తీర్మానం అయిపోయింది. ఆ తీర్మానం తప్పు.

అవతలివాళ్ల వాదనలో బలం లేకపోలేదు. వీధి చివర సిమెంటు కుండీ, దాని చుట్టూ మూడింతల చెత్త, అందులో కుక్కలు, పందులు, ఆవులు: ఇరవై ఏళ్ల కిందట ఏ పట్టణంలోనైనా ఇదే దృశ్యం. ట్రాక్టరు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. వచ్చినా కార్మికులు ఒట్టి చేతులతో, పారలతో ఎత్తాలి. ఇంటింటికీ బండి వచ్చాక ఆ కుండీలు చాలా వరకు పోయాయి. చెత్త ఎత్తకపోతే ఏమవుతుందో 1994లో సూరత్ ప్లేగు చూపించింది. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో విజయవాడ, విశాఖపట్నం పైవరసలో నిలబడ్డాయంటే అందులో ఈ బండ్ల చాకిరీ ఉంది. ఇదంతా నిజం. బండి అక్కర్లేదని నేను అనడం లేదు. బండి వచ్చింది కాబట్టి ఊరు శుభ్రపడింది అనే ముగింపు దగ్గరే పేచీ.

1. ఎత్తుకుపోతే అయిపోయినట్టేనా?

హైదరాబాద్ రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త వదులుతుంది. స్వచ్ఛ ఆటో దాన్ని వీధిలోంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు చేరుస్తుంది. అక్కడ పెద్ద బండ్లకు ఎక్కుతుంది. అవి జవహర్‌నగర్ వెళ్తాయి. మూడు వందల ఎకరాలకు పైబడిన యార్డు అది. ఏళ్ల తరబడి పోసిన చెత్త గుట్టలైంది. ఆ గుట్టల మీద షీటు పరిచి, మట్టి కప్పి, పచ్చగడ్డి పెంచారు. కింద కుళ్లినదాని రసం మాత్రం గడ్డి పెంచితే ఆగదు. అది మల్కారం చెరువులో చేరి నీళ్లను నల్లగా మార్చింది. దమ్మాయిగూడ, నాగారం, జవహర్‌నగర్ వాసులు కంపు భరించలేక ఎన్నిసార్లు రోడ్డెక్కారో ఆ వైపు వాళ్లనడిగితే చెబుతారు.

జవహర్‌నగర్ కూడా 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయిన ఊరే. అక్కడా ఇళ్లున్నాయి, బళ్లున్నాయి, ఓటర్లున్నారు. బంజారాహిల్స్ వీధి శుభ్రంగా ఉందని మార్కులు వేసేటప్పుడు ఆ మురికి మల్కారం ఖాతాలో పడిందన్న సంగతి ఏ లెక్కలోనూ రాదు. జవహర్‌నగర్‌కు ముందు ఈ పాత్ర ఆటోనగర్‌ది. విశాఖకు కాపులుప్పాడ, వరంగల్‌కు మడికొండ. విజయవాడ తన చెత్తను అజిత్‌సింగ్ నగర్‌లో పోసింది. ఊరు పెరిగి ఆ గుట్ట చుట్టూ ఇళ్లొచ్చాక అది మళ్లీ ఊరి సమస్యే అయింది. యార్డు ఎంత దూరంలో పెట్టినా పదిహేను, ఇరవై ఏళ్లలో ఊరు దాన్ని చేరుకుంటుంది. అప్పుడు ఇంకాస్త దూరంలో ఇంకో యార్డు వెతుకుతారు. అక్కడ ఎవరుంటారో వేరే చెప్పాలా? భూమి చౌకగా దొరికే చోట, నోరు లేని జనమే ఉంటారు.

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రంలో 85 లక్షల టన్నుల చెత్త పేరుకుపోయిందని, దాన్ని తొలగించాలని చెప్పారు. పేరుకుపోయిన నేరం ఏ ప్రభుత్వానిదో తేల్చుకోవడంలో పార్టీలు మునిగిపోయాయి. అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ 85 లక్షల టన్నులూ గాలికి ఎగిరొచ్చి పడలేదు. బండ్లే మోసుకొచ్చి పోశాయి. ‘సేకరణ’ అనే గడిలో బాగానే మార్కులు పడ్డ చెత్తే అది.

2. రెండు బుట్టలు, ఒకటే బండి

హైదరాబాద్‌లో 2015లో ఇంటికి రెండు చొప్పున ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. లెక్క 44 లక్షలు. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త రెండోదాంట్లో వేయాలి. మరుసటి ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీసి ఇవ్వడం ప్రతి ఇంటికీ విధిగా చేశాయి. ఆ ఆకుపచ్చ, నీలం బుట్టల్లో ఇవాళ ఏముందో చూడండి. ఒకదాంట్లో బియ్యం, రెండోదాంట్లో విడిచిన బట్టలు.

ఇల్లాలు బద్ధకించి ఇలా చేసిందని తేల్చేయకండి. పొద్దున్నే బండి దగ్గర నిలబడి చూడండి. వెనక తొట్టికి మధ్యలో అడ్డు ఉంటుంది, ఒక పక్క ఆకుపచ్చ రంగు, ఒక పక్క నీలం. ఆ అడ్డు మీద ఒక కాలు, చెత్తలో ఒక కాలు వేసి సహాయకుడు నిలబడి ఉంటాడు. మొదటి పది ఇళ్ల దాకా రెండు పక్కలూ వేరుగానే ఉంటాయి. తర్వాత తడి పక్క నిండిపోతుంది, పొడి పక్క ఖాళీగా ఉంటుంది. పదకొండో ఇంటి తడి చెత్త నీలం పక్కకు పోతుంది. అతనికి వేరే దారి లేదు, ఇంకా వంద ఇళ్లున్నాయి. బండికి రెండు పక్కలా గోనె సంచులు వేలాడుతుంటాయి. అట్టపెట్టెలు, బీరు సీసాలు, నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు చకచకా వాటిలో పడుతుంటాయి. ఊరు మొత్తమ్మీద నిజంగా చెత్త విడదీస్తున్నది అతనొక్కడే. అదీ తన పూట గడవడం కోసం, గ్లోవ్స్ లేకుండా. మిగిలినదంతా ట్రాన్స్‌ఫర్ స్టేషన్లో కంపాక్టర్ నోట్లో పడి ఒకటే ముద్దవుతుంది.

వేరుచేసి ఇచ్చిన చెత్తను తన కళ్ల ముందే కలిపేస్తుంటే నాలుగు రోజులు చూసిన ఇల్లాలు అయిదో రోజు వేరుచేయడం మానేస్తుంది. ఇందులో ఆమె బుద్ధిని తప్పుపట్టేవాళ్లకే బుద్ధి చెప్పాలి.

కలిసిపోయిన చెత్తతో ఏం నష్టమంటారా? అన్నం, కూరగాయ తొక్కలు, చెట్ల ఆకులు విడిగా ఉంటే నలభై, యాభై రోజుల్లో ఎరువవుతాయి. గాజుపెంకు, బ్యాటరీ, షాంపూ ప్యాకెట్ కలిస్తే ఆ ఎరువును ఏ రైతూ పొలంలో అడుగుపెట్టనివ్వడు. కాగితం పొడిగా ఉంటే మిల్లుకు పనికొస్తుంది, సాంబారులో నానితే ఎందుకూ కొరగాదు. సరే, కాల్చి కరెంటు తీద్దామంటారు. మన చెత్తలో సగానికి సగం తడి. అందుకే 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాయంతో పెట్టిన ప్లాంటు కొద్దిరోజులకే చతికిలబడింది. నీళ్లోడే చెత్త మండదు. మండించాలంటే ముందు ఎండబెట్టాలి, జల్లెడ పట్టాలి, మండనిదాన్ని ఏరాలి. వంటింట్లో ఖర్చు లేకుండా జరిగే పనిని యార్డులో కోట్లు పోసి సగం సగం చేయడం అన్నమాట.

3. డబ్బు ఏ లెక్కన వెళ్తోంది?

బండ్లు పెంచమనేవాళ్లు ఎన్నడూ విప్పని పుట ఇది. చాలా నగరాల్లో చెత్త మోసి పారేసే సంస్థకు టన్నుకింత అని ఇస్తారు. దాన్ని టిప్పింగ్ ఫీజు అంటారు. టన్ను పెరిగితే బిల్లు పెరుగుతుంది. తడి చెత్త బరువెక్కువ. భవనాలు పగలగొట్టిన మట్టి ఇంకా బరువు. వానాకాలంలో నానిన చెత్తకు అడగకుండానే తూకం వస్తుంది. ఇళ్లలో ఎరువు చేసుకోండి, చెత్త తగ్గించండి అని ఒక పక్క గోడల మీద రాయిస్తారు. తగ్గితే నష్టపోయే ఒప్పందం మీద ఇంకో పక్క సంతకం పెడతారు. ఇందులో ఏది గెలుస్తుందో ఊహించడానికి ఆర్థిక శాస్త్రం చదవక్కర్లేదు.

కింది కొసన ఆటో డ్రైవరుంటాడు. హైదరాబాద్‌లో 2015 నాటి పద్ధతిలో అతనే డ్రైవరు, అతనే ఓనరు. బ్యాంకు వాయిదా కట్టుకోవాలి, డీజిల్ పోయించుకోవాలి, ఇళ్ల దగ్గర నెలకింత వసూలు చేసుకుని బతకాలి. నెలకు వంద ఇచ్చే అపార్టుమెంటు ముందు బండి ఆగుతుంది. యాభైకి కూడా గీచి గీచి బేరమాడే అద్దెగదుల లైన్లో ఆగదు. చెత్త ఎక్కడ ఎక్కువ పేరుకుంటుందో అక్కడికి బండి తక్కువ వెళ్తుంది. ఇది డ్రైవరు దుర్మార్గం కాదు. పారిశుద్ధ్యమనే ప్రజాసేవను ఆటో కిరాయి వ్యాపారంగా మార్చినవాళ్ల తెలివి.

ఆంధ్రలో ఇంకో రకం. 2021లో బండ్లతో పాటే యూజర్ చార్జీలూ వచ్చాయి. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు. మూడేళ్లు అది రాజకీయ ఆయుధమైంది. 2024లో మచిలీపట్నం సభలోనే రద్దు ప్రకటించారు. బండ్లకు జెండా ఊపిందీ గాంధీ జయంతి నాడే, పన్ను రద్దన్నదీ గాంధీ జయంతి నాడే. పన్ను వేయాలా వద్దా అని మూడేళ్లు గొంతులు చించుకున్నారు గానీ, ఆ డబ్బుతో చెత్త ఏమవుతోందని ఒక్కరైనా అడిగారా? అధికార పక్షమూ అడగలేదు, ప్రతిపక్షమూ అడగలేదు. బండి రావడమే సేవ అని ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి అడిగే అవసరం రాలేదు.

4. జనానికి బుద్ధి లేదు అనే తీర్పు

బండి ఇంటి ముందుకే వస్తోంది, అయినా మలుపులో చెత్త విసిరేస్తున్నారు, కాబట్టి జనం ఇంతే అంటారు. ఈ మాట అనేవాళ్ల ఇంట్లో బండి వచ్చే వేళకు పనిమనిషి ఉంటుంది. ఆ పనిమనిషి సొంత ఇంటి సంగతి చూడండి. ఆమె ఆరింటికే బయల్దేరి నాలుగిళ్లు చేసుకుని మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరదు. ఆమె బస్తీలోకి బండి ఎనిమిదింటికి వస్తుంది. అదీ సందు మొగదాకే, లోపలికి ఆటో పట్టదు. హాస్టల్లో ఉండే కుర్రాడిది, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న సెక్యూరిటీ గార్డుది, మిర్చిబజ్జీల బండి వాడిదీ అదే కథ. వీళ్లంతా తమ చెత్తను మర్నాటిదాకా ఒంటిగదిలో పొయ్యి పక్కన పెట్టుకోవాలి. అదీ మే నెలలో.

మరి మలుపులో కుండీ ఉండేది కదా? దాన్ని ఎత్తేశారు. కుండీలు లేని నగరం అనిపించుకుంటే మార్కులు వస్తాయి. కుండీ పోయిన చోటే చెత్త పడుతూనే ఉంది. దానికిప్పుడు జీవీపీ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్) అని ఇంగ్లీషు పొడి అక్షరాల పేరు పెట్టి, ముగ్గులు వేసి, కెమెరా బిగించి, జరిమానా బోర్డు తగిలించారు. అక్కడే దేవుడి బొమ్మ కూడా అతికిస్తారు. మున్సిపాలిటీ చేయలేని పనిని దేవుడి మీదకు తోయడమంటే ఇదే.

పాట పెట్టి వచ్చే చెత్త బండి మన సొంత ఆలోచన కాదు. తైవాన్‌లో ఎన్నో ఏళ్లుగా బండి బీథోవెన్ ‘ఫర్ ఎలీజ్’ బాణీ మోగిస్తూ వస్తుంది. తైపేలో వీధి కుండీలు దాదాపు లేవు, జనమే సంచీ పట్టుకుని వచ్చి బండిలో వేస్తారు. అయితే అక్కడ ఏ మలుపులో ఏ వేళకు ఆగుతుందో ముందే చెబుతారు, ఆ వేళకే ఆగుతుంది. సాయంత్రాలు, రాత్రి పూట కూడా వస్తుంది, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చినవాళ్లకు అందుతుంది. రీసైక్లింగ్‌కు వేరే బండి వెంటే వస్తుంది, తిండి మిగుళ్లకు వేరే డబ్బా ఉంటుంది. మనం పాట తెచ్చుకున్నాం, టైంటేబుల్ వదిలేశాం.

తైవాన్ జనం పుట్టుకతో బుద్ధిమంతులని వాదించేవాళ్లకు ఒకటే ప్రశ్న. మన జనమే మెట్రో రైల్లో ఎందుకు ఉమ్మరు? తిరుమల కొండ మీదకు ప్లాస్టిక్ సీసా ఎందుకు పట్టుకెళ్లడం లేదు? ఏర్పాటు నికరంగా ఉన్న చోట మనిషి ఒకలా ఉంటాడు, లేని చోట ఇంకోలా ఉంటాడు. ఏర్పాటు చేయాల్సినవాళ్లు జనాన్ని తిట్టడం మాత్రం ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది.

5. ‘మరి ఇండోర్?’

తప్పకుండా వచ్చే ప్రశ్న. 2017 నుంచి 2023 దాకా వరసగా స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఇండోర్‌లోనూ బండ్లే తిరుగుతున్నాయి కదా అంటారు. మన కమిషనర్లు, మేయర్లు బృందాలుగా వెళ్లి చూసొచ్చారు కూడా. వచ్చాక ఏం చేశారు? బండ్లు కొన్నారు.

ఇండోర్ బండికి అరలు ఎక్కువ. తడి, పొడి మాత్రమే కాదు, శానిటరీ ప్యాడ్లు, పాడైన ఎలక్ట్రానిక్ సామాన్లు కూడా వేరు వేరు అరల్లోకి వెళ్తాయి. కలిపి ఇస్తే తీసుకోరు. అంతకన్నా ముఖ్యం, ఆ బండి వెళ్లి చేరే చోటు. వేరుగా వచ్చిన తడి చెత్త కోసం 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నులు తీసుకునే బయో సీఎన్‌జీ ప్లాంటు మొదలైంది. దేవ్‌గురాడియాలో పాత గుట్టను తవ్వి, ఏరి, నేల చదును చేశారు. అంటే గమ్యాన్ని కూడా ఏర్పాటు చేసుకుని బండిని నడిపారు. మనవాళ్లు గమ్యం సంగతి తర్వాత చూద్దామని ముందు బండి తోలారు. ఇండోర్ ఉదాహరణ నా వాదనకే సాక్ష్యం.

6. పల్లెకు ట్రాక్టరెందుకు?

నగరానికి ఎంతో కొంత సాకు ఉంది. పల్లెకు అదీ లేదు. నిన్నమొన్నటి దాకా రైతు ఇంటి వెనక పెంటదిబ్బ ఉండేది. పేడ, ఎండుగడ్డి, బూడిద, వంటింటి తుక్కు అన్నీ అందులో మాగి, వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. పల్లెలో చెత్త అనే మాటకు అర్థం వచ్చిందే కవర్లు, సాచెట్లు వచ్చాక. ఆ కాస్త ప్లాస్టిక్‌ను నెలకొకసారి గోతాలకెత్తి పంపితే చాలు. దానికి బదులు పంచాయతీ నెత్తిన ట్రాక్టరు వాయిదా, డీజిల్, డ్రైవరు జీతం పెట్టాం. నిధులు అందని నెలల్లో డీజిల్‌కు డబ్బుల్లేక ట్రాక్టరు పంచాయతీ ఆఫీసు ముందు నిలిచిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో కొత్త కాదు. నడిచిన రోజుల్లో అది పెంటదిబ్బకు చేరాల్సిన తుక్కును ప్లాస్టిక్‌తో కలిపి ఊరవతల డంపింగ్ యార్డులో పోస్తుంది. ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఆంధ్రలో పంచాయతీలకు కట్టించిన ‘చెత్త నుంచి సంపద’ షెడ్లు ఆలోచనగా మంచివే. విడదీసిన చెత్త రాకపోతే షెడ్డు ఏం చేయగలదు?

7. బండి ఆగిపోయిన ఊరు

కేరళలో అలప్పుళ తన చెత్తను సర్వోదయపురంలో పోసేది. 2012లో అక్కడి జనం బండ్లను అడ్డుకున్నారు. ఇక రానివ్వం అన్నారు. మన వాళ్ల లెక్క ప్రకారం ఆ పట్టణం మురికిలో మునిగిపోవాలి. మొదట మునిగింది కూడా, వీధులు, కాలువలు నిండిపోయాయి. తర్వాత మున్సిపాలిటీ ఇళ్లకు పైపు కంపోస్టు, చిన్న బయోగ్యాస్ ప్లాంట్లు సబ్సిడీతో ఇచ్చింది. ఇంట్లో జాగా లేనివాళ్ల కోసం వార్డుల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు కట్టింది. తడి చెత్త ఎక్కడిదక్కడే ఎరువైంది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెత్తతో గెలిచిన ప్రపంచ నగరాల గురించి చెబుతూ ఆ చిన్న పట్టణాన్ని ప్రస్తావించింది. బండ్లు పెంచడం వల్ల అది జరగలేదు, బండి దారి మూసుకుపోవడం వల్ల జరిగింది.

అంత దూరం అక్కర్లేదంటే సూర్యాపేట ఉంది. స్వచ్ఛ భారత్ పుట్టడానికి పదేళ్ల ముందే, 2000 దశకం మొదట్లో, కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో కుండీలు లేని పట్టణంగా దేశమంతా చెప్పుకున్నారు. ఇంటి దగ్గరే విడదీయించి, తడిదాన్ని ఎరువుకు, పొడిదాన్ని అమ్మకానికి పంపారు. అదే తెలుగు జనం, అదే బుద్ధి. విజయనగరం జిల్లా బొబ్బిలి కూడా చెత్తతో ఎరువు చేసి పేరు తెచ్చుకుంది. పుణేలో చెత్త ఏరుకునే మహిళలే ‘స్వచ్ఛ్’ సహకార సంఘంగా ఏర్పడి 2008 నుంచి కార్పొరేషన్‌తో ఒప్పందం మీద ఇంటింటికీ వెళ్తున్నారు. మన ఆటో మీద గోనె సంచులు వేలాడదీసుకునే సహాయకుడు చేసే పనినే అక్కడ హక్కుగా, ఉపాధిగా గుర్తించారు.

చేయాల్సింది తెలియక ఆగలేదు. టన్ను లెక్కన చెల్లింపు ఆపి, యార్డుకు చేరకుండా మళ్లించిన చెత్తకు చెల్లించాలి. డ్రైవరుకు, సహాయకుడికి కార్పొరేషనే జీతమివ్వాలి, వాళ్లు ఏరిన సరుకు మీద వాళ్లకు హక్కు రాసివ్వాలి. సందుల్లోకి ఆటో పట్టకపోతే తోపుడు బండి పెట్టాలి, సాయంత్రం ఒక ట్రిప్పు వేయాలి. ప్రతి వార్డులో తడి చెత్తకు ఒక జాగా చూపించాలి. పార్కు మూల చాలు, ఎకరాలు అక్కర్లేదు. వార్డు నుంచి నెలకు ఎన్ని టన్నులు యార్డుకు వెళ్లాయో, ఎన్ని అక్కడే ఎరువయ్యాయో వార్డు ఆఫీసు గోడ మీద రాయాలి. ఆ అంకెలు గోడెక్కేదాకా, ఏ కౌన్సిల్‌లో కొత్త బండ్ల కొనుగోలు తీర్మానం వచ్చినా, ఏ పార్టీ కార్పొరేటరైనా సరే, దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తాలి.